ముందు లెక్క, తర్వాతే తోట

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు మీద జరిగే సభల్లో ఆనకట్టల ప్రస్తావన రాకుండా ఉండదు. అది న్యాయమే. ఈ రోజు నేను ఎంచుకున్న విషయం మాత్రం చిన్న నగరాల్లోని పార్కులు, ఖాళీ స్థలాలు. దీనికీ ఆయనకూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన విశ్వేశ్వరయ్య, నది పరివాహక ప్రాంతంలో ఎన్ని చెరువులున్నాయో లెక్క తీశారు. 788 అని తేలింది, అంటే సుమారు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయి. నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్న సిఫార్సు ఇలాంటి లెక్కల మీదే నిలబడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊళ్లో నది గట్లను ఎత్తు చేసి వాటి వెంట తోటలు, నడకదారులు వేయాలన్న సూచన కూడా ఆ పథకంలోదే. ఇంకొక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. 1901 జనాభా లెక్కల్లో హైదరాబాదు జనం 4 లక్షల 48 వేల పైచిలుకు. ఇంచుమించు ఇవాళ్టి కర్నూలంత. మహానగరం అనుకుంటాం గానీ, విశ్వేశ్వరయ్య నది ఒడ్డున తోటలు ఊహించింది మన కొలతలో ఒక చిన్న నగరానికి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన చిన్న నగరాల్లో పార్కుల కరువుకు మొదటి కారణం ఉన్న భూమికి లెక్క లేకపోవడం. భూమి చాలకపోవడం, డబ్బు చాలకపోవడం ఆ తర్వాతి మాటలు. ఏ వార్డులో, ఏ సర్వే నంబరులో, ఎన్ని గజాల ఖాళీ స్థలం మున్సిపాలిటీ పేరున ఉందో ఒకచోట రాసిపెట్టిన పుస్తకం అడిగి చూడండి. టౌన్ ప్లానింగ్ విభాగంలో కొన్ని ఫైళ్లు, రెవెన్యూలో కొన్ని, నీటిపారుదల శాఖలో కొన్ని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొన్ని. అన్నీ కలిపి చదివినవారు అరుదు. ఈ లెక్క తేలకముందే మనం ఫౌంటెన్ టెండర్లు పిలుస్తాం. పనుల వరుస తలకిందులైంది. సర్వే, హద్దురాళ్లు, రిజిస్టరు, కాపలా, నీళ్లు, చెట్లు, నిర్వహణకు మనిషి. ఇవన్నీ సమకూరాక బొమ్మలు, దీపాలు రావాలి. ఆచరణలో శిలాఫలకం మొదట వస్తుంది, సర్వే గొడవ వచ్చిన రోజున జరుగుతుంది.

భూమి లేదనే మాటను ముందు పరీక్షిద్దాం. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014 నాటి ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. రెండు లక్షల జనం ఉన్న ఊరికి తక్కువలో తక్కువ 200 హెక్టార్లు, అంటే దాదాపు 500 ఎకరాలు. ఈ అంకె వినగానే ఏ కమిషనరైనా చేతులెత్తేస్తారు. అయితే చట్టం మరో దారిలో ఇప్పటికే ఈ భూమిని ఇస్తోంది. లేఅవుట్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో పదో వంతును ఖాళీ స్థలంగా వదిలి, దానపత్రం రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. పదెకరాల లేఅవుట్ తీసుకోండి. అందులో ఎకరం పార్కుకు పోతుంది. రోడ్లు, మిగతా అవసరాలు పోను సగానికి కాస్త ఎక్కువ ప్లాట్లకు మిగులుతుందనుకుంటే 200 గజాల ప్లాట్లు 130 దాకా వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున 520 మంది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి మనిషికి ఏడున్నర పైనే దక్కుతుంది. మేడ మీద మరో కాపురం ఉంటే అది సగమవుతుంది, నిజమే. అయినా ఒక్క గజం కొనకుండా, ఒక్క రూపాయి పరిహారం చెల్లించకుండా, ఇంటి గుమ్మం నుంచి ఐదు నిమిషాల నడకలో దక్కే స్థలమిది. గత మూడు నాలుగు దశాబ్దాల్లో మన ఊళ్లు పెరిగిందంతా లేఅవుట్ల రూపంలోనే. ఆ పదో వంతులన్నీ ఏవి?

కొన్ని ఉన్నాయి. కొన్ని దానపత్రం దాకా రాలేదు. లేఅవుట్ పటంలో ఆకుపచ్చ రంగు వేశారు గానీ రిజిస్ట్రేషన్ జరగలేదు. పదిహేనేళ్లకు అసలు యజమాని వారసులు వచ్చి అదే స్థలాన్ని ప్లాట్లుగా కోసి అమ్ముకున్నారు. కొన్నింటిలో ముందు బోరు వేశారు, పక్కన పంపు గది కట్టారు, ఆ పైన ఓవర్‌హెడ్ ట్యాంకు లేచింది, మిగిలిన ముక్కలో కమ్యూనిటీ హాలు వచ్చింది. ఇంకొన్నింటిలో రావిచెట్టు చుట్టూ దిమ్మె, దిమ్మె మీద విగ్రహం, విగ్రహానికి రేకుల షెడ్డు, చివరికి ప్రహరీ. ఇవేవీ దుర్మార్గులు చేసిన పనులు కావు. ప్రతిదీ ఎవరికో ఒక అవసరం తీర్చింది. అందుకే ఇది కబ్జా కన్నా కష్టమైన సమస్య. ఆసుపత్రి కన్నా, గుడి కన్నా పార్కు ముఖ్యమా అని అడిగితే కాలనీ సంఘంలో జవాబు చెప్పగలిగేవారు తక్కువ. సుప్రీంకోర్టు మాత్రం 1991లోనే చెప్పింది. బెంగళూరులో ఒక కాలనీ పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే స్థానికులు కోర్టుకెక్కారు. బెంగళూరు మెడికల్ ట్రస్టుకూ బి.ఎస్. ముద్దప్పకూ నడిచిన ఆ వ్యాజ్యంలో కేటాయింపు చెల్లదని తీర్పు వచ్చింది. ఆ కాలనీవాసులకు ప్రశ్నించే హక్కు ఉందని కూడా కోర్టు ఒప్పుకుంది. ఆసుపత్రి మంచిదే, దాని చోటు దానికుంది; పార్కు చోటు దానికివ్వడం కుదరదు. తీర్పు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. అయినా హైదరాబాదులో ప్రభుత్వ ఆస్తుల రక్షణకు 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చేస్తున్న పనుల్లో కాలనీ పార్కుల స్థలాలు విడిపించడం ఒక పెద్ద వంతు. రాజధానిలోనే ఇలా ఉంటే, టౌన్ ప్లానింగ్‌కు ఇద్దరు ముగ్గురు ఉద్యోగులుండే మున్సిపాలిటీ సంగతి ఊహించుకోవచ్చు.

లేఅవుట్ అనుమతే లేకుండా వెలసిన కాలనీలది మరో కథ. అక్కడ పదో వంతు వదలనే లేదు. దానికి బదులుగా క్రమబద్ధీకరణ సమయంలో ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుముగా వసూలు చేయడం తెలంగాణలో ఉన్న పద్ధతి. 2020 ఆగస్టులో తెలంగాణ ప్రకటించిన క్రమబద్ధీకరణ పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ సంఖ్యను పార్కుల కళ్లతో చదవండి. 25 లక్షల ప్లాట్ల చుట్టూ పిల్లలు ఆడుకునే చోటు వదలలేదని జనమే కాగితం రాసి ఇచ్చినట్టు. ఈ 14 శాతం ఎందుకు కడుతున్నామో కట్టేవారిలో ఎక్కువమందికి తెలియదు. అదొక జరిమానా అనుకుంటారు. నిజానికది రావలసిన పార్కుకు ఖరీదు. ఆ డబ్బు రోడ్లకో జీతాలకో పోతే, అదే బస్తీలో అమ్మకానికున్న నాలుగైదు ప్లాట్లు కొని ఖాళీగా ఉంచే అవకాశం శాశ్వతంగా పోతుంది. నా దృష్టిలో చిన్న నగరాల ఖాళీ స్థలాల విధానంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంస్కరణ ఇదే. ఏ కాలనీలో వసూలైన ఖాళీ స్థలం రుసుము ఆ కాలనీలో, లేదా నడకదూరంలో, భూమి కొనడానికే ఖర్చు కావాలి. వసూలెంత, ఖర్చెంత అన్నది వార్డువారీగా ఏటా ప్రకటించాలి.

లేఅవుట్ల తర్వాత లెక్కలోకి రావలసింది నీటి అంచులు. మన ఊళ్లలో చాలావాటికి చెరువో, వాగో, కాలువో ఉంది. 2012లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ 30 మీటర్ల పట్టీలో నడకదారి, సైకిల్ దారి వేసుకోవచ్చు. మూడు కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న చెరువుకు ఈ పట్టీ 9 హెక్టార్లు, అంటే 22 ఎకరాలు. ఇళ్లు కట్టకూడని భూమి కాబట్టి ఇది పార్కుకే తగినది. వాగుల వెంట ఉన్న భూమికైతే మరో పని కూడా ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో బొక్కలగడ్డ లాంటి లోతట్టు బస్తీలను ముంచింది. వరద వచ్చిన ప్రతిసారీ రక్షణ గోడ ప్రతిపాదన ముందుకొస్తుంది. గోడ కొన్నిచోట్ల తప్పదు. కానీ గోడ నీటిని పక్కకు, కిందికి నెడుతుంది. వెడల్పయిన ఒడ్డు దాన్ని కాసేపు ఆపుతుంది. ఏడాదిలో 360 రోజులు ఆటస్థలంగా, నాలుగైదు రోజులు నీటి నిలువగా ఉండే భూమి ఇంజనీరుకు వృథా భూమి ఎలా అవుతుంది? 1914లో మన దేశానికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగిన ప్యాట్రిక్ గెడ్డెస్, దోమల పేరు చెప్పి చెరువులు పూడ్చాలన్న ఇంజనీర్లతో విభేదించారు. చేపలు, బాతులు పెంచితే దోమలు తగ్గుతాయి, చెరువు ఊరిని చల్లగా ఉంచుతుంది అన్నారు. వందేళ్లు దాటినా మన కలెక్టరేట్లు, బస్టాండ్లు పూడ్చిన చెరువుల్లో లేస్తూనే ఉన్నాయి. మొదటి పెద్ద వానకు మునుగుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చిన్నచిన్న స్థలాలు పోగేసి ఏం లాభం, ఊరికి పేరు తెచ్చే ఒక పెద్ద పార్కు కావాలి గదా అంటారు. ఖమ్మంలో లకారం చెరువు ట్యాంక్‌బండ్, తీగల వంతెన; సిద్దిపేటలో కోమటి చెరువు. సాయంత్రమైతే అక్కడ జనం కిటకిటలాడతారు. ఆ జనం అబద్ధం కాదు. చూడటానికి ఒక అందమైన చోటు కావాలన్న కోరికను చిన్నచూపు చూడటం చదువుకున్నవారి అహంకారం. ఊరి పేరు ముందు ఎర్ర గుండె బొమ్మ పెట్టిన పెద్దపెద్ద అక్షరాలు ప్రతి జిల్లా కేంద్రంలో వెలిశాయి. వాటి ముందు ఫొటో దిగే కుర్రవాళ్ల సంతోషమూ నిజమైనదే. కానీ అక్కడికి ఎవరు, ఎలా వెళ్తున్నారో చూడాలి. బండి ఉన్నవారు, ఆదివారం, కుటుంబంతో. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ, బడి నుంచి వచ్చి చీకటి పడేలోపు గంటసేపు ఆడుకునే పిల్లవాడు, వంట మొదలుపెట్టే ముందు తెల్లవారుజామున నడిచే గృహిణి రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లి ట్యాంక్‌బండ్ చేరరు. మధ్యలో జాతీయ రహదారి ఉంటే అసలే చేరరు. ట్యాంక్‌బండ్ పండగభోజనం లాంటిది. దాన్ని చూపించి రోజూ తినే అన్నం అక్కర్లేదనడం కుదరదు. రెండూ కావాలి, అయితే మున్సిపాలిటీ సొంత డబ్బు, సొంత మనుషులు మొదట వార్డు పార్కులకు చెందాలి. పెద్ద పార్కుకు పైనుంచి నిధులు ఎలాగూ వస్తాయి. రాజకీయ నాయకులకు దాని మీద ఆసక్తి ఎప్పుడూ తగ్గదు.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. ఉన్న పార్కులనే నిలబెట్టుకోలేకపోతున్నాం, కొత్తవి ఎందుకు? ఈ మాట అనేవారు కళ్లతో చూసే అంటున్నారు. మన సగటు కాలనీ పార్కును ఒకసారి దగ్గరగా చూడండి. తుప్పు పట్టిన గేటుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో కాలనీలో ఇద్దరికి మాత్రమే తెలుసు. లోపల సిమెంటు పుట్టగొడుగు గొడుగు, ఒక చెవి విరిగిన సిమెంటు జింక, పలక ఊడిన ఉయ్యాల గొలుసులు. ఓపెన్ జిమ్ యంత్రాల్లో రెండింటికి బేరింగులు పోయాయి. చుట్టూ కోనోకార్పస్ కంచె, నీడలేని టైల్స్ బాట. బోరు ఎండి రెండేళ్లయింది. ఈ జాబితాలో ప్రతి వస్తువూ టెండరుతో వచ్చింది, ఏ వస్తువుకూ నిర్వహణ పద్దు లేదు. దీన్నుంచి నేను తీసుకునే పాఠం కొత్త పార్కులు వద్దని కాదు. ఖరీదైన వస్తువులు వద్దని. కోనోకార్పస్ త్వరగా పచ్చబడుతుందని ఊరూరా నాటించాం, చివరకు దాన్ని నర్సరీల్లో పెంచవద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. వేప, కానుగ, పొగడ, నేరేడు పదేళ్లు తీసుకుంటాయి, ఆపైన యాభై ఏళ్లు మనల్ని ఏమీ అడగవు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఇప్పటికీ ఉంది. 1908 వరదలో దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఏ ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టులోనూ చింతమొక్క కనిపించదు.

డబ్బు సంగతి. నిర్వహణకు నిధుల్లేవన్నది పూర్తి నిజం కాదు. తెలంగాణ పురపాలక చట్టం 2019 బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలంటుంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా అంటుంది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకంలో రెండున్నర శాతం దాకా పార్కులకు వాడుకునే వీలుండేది. ఈ డబ్బు ఎక్కువగా మొక్కలు కొనడానికి, రోడ్డు మధ్య డివైడర్లలో పూలకుండీలకు, టెండరు పెట్టడానికి వీలైన పనులకు పోతోంది. నెలనెలా తోటమాలికి జీతం ఇవ్వడం టెండరంత ఆకర్షణీయమైన పని కాదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న మహిళా సంఘాలకు రెండు మూడు పార్కులు కలిపి ఏడాది ఒప్పందం మీద అప్పగిస్తే, ఆ వాడలోనే ఉండేవారికి ఉపాధి, పార్కుకు కాపలా రెండూ దొరుకుతాయి. ఇక డ్రైనేజీకే డబ్బు లేదు, పార్కులెక్కడ అనే వారికి ఒక లెక్క చెబుతాను. ఎకరం పార్కును చుట్టూ ఉన్న రోడ్డు కన్నా ఒక అడుగు లోతుగా ఉంచితే అందులో 12 లక్షల లీటర్ల వాననీరు నిలుస్తుంది. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 240. కాలువల్లోకి ఒక్కసారిగా దూకే ఆ నీటిని కొన్ని గంటలు ఆపి భూమిలోకి దించే ఆ ఎకరం డ్రైనేజీ పనే చేస్తుంది. మనం మాత్రం పార్కులను మట్టి పోసి రోడ్డు కన్నా ఎత్తు చేసి, టైల్స్ పరిచి, నీరు వీధిలోకి వెళ్లేలా కడుతున్నాం.

పేదల పేరుతో వచ్చే అభ్యంతరానికి నేను తల వంచుతాను, సగం వరకే. ఖాళీ స్థలాలు కాపాడతామని యంత్రాంగం బయల్దేరితే ముందు కూలేవి వాగు ఒడ్డు గుడిసెలే, చెరువు శిఖంలో లేచిన పెద్ద భవనాలకు స్టే వస్తుంది. ఈ భయానికి కారణం ఉంది. అందుకే రిజిస్టరు వేరు, తొలగింపు వేరు అని మొదటే తేల్చి చెప్పాలి. ఎవరు ఎక్కడున్నారో ఉన్నదున్నట్టు రాయాలి. నివాసముంటున్నవారికి అదే ఊళ్లో, పనికి దగ్గరలో ఇల్లు చూపించాకే కదిలించాలి. మిగతా సగానికి మాత్రం తల వంచను. అనుమతి లేని కాలనీల్లో ఉండేది ఎక్కువగా పేదలే. పదో వంతు దక్కనిదీ వాళ్లకే. కలిగినవారి పిల్లలకు గేటెడ్ కమ్యూనిటీలో లాన్ ఉంది, క్లబ్ హౌస్ ఉంది. రెండు గదుల ఇంట్లో ఐదుగురున్న కుటుంబానికి ఆ వీధి చివరి ఖాళీ స్థలమే మూడో గది. దాన్ని పోగొట్టుకుంటే ఎక్కువ నష్టం ఎవరికో చెప్పనక్కర్లేదు.

పార్కులు తెరిచి ఉంచితే తాగుబోతులు, పేకాటరాయుళ్లు చేరతారన్న భయంతోనే గేట్లకు తాళాలు పడ్డాయి. కానీ తాళం వేసిన పార్కుకు గోడ దూకగలవారే వస్తారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బయట ఆగిపోతారు. ఎత్తయిన ప్రహరీ బదులు లోపలి మనుషులు రోడ్డుకు కనిపించే కమ్మీల కంచె, వెలిగే దీపం, నీళ్లున్న మరుగుదొడ్డి, గేటు దగ్గర ఒక టీ బండికో జొన్నపొత్తుల బండికో అనుమతి. ఇవి తాళం కన్నా బాగా పనిచేస్తాయి. టికెట్టు పెట్టడాన్ని నేను సమర్థించను. పది రూపాయలు పెద్ద మొత్తం కాదనేవారు, రోజూ ఇద్దరు పిల్లలతో వచ్చే తల్లికి నెలకెంతవుతుందో గుణించి చూడాలి.

పురపాలక ఇంజనీరు మిత్రులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే బడ్జెట్ సమావేశంలోపు మీ మున్సిపాలిటీకి దానపత్రాలతో వచ్చిన స్థలాలన్నీ, చెరువు, వాగు అంచులన్నీ వార్డువారీగా ఒక జాబితా తయారు చేయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఇప్పుడు అక్కడ ఏముంది అన్నది రాయండి. దానపత్రం రిజిస్టరు కానివి వేరుగా చూపించి ముందు వాటి పని చూడండి. ఆ జాబితాను తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ప్రతి వార్డు కార్యాలయం గోడ మీద అంటించండి. మీ వీధి పార్కు హద్దులు తెలిసిన నలుగురు పక్కింటివాళ్లు ఉంటే, ఏ ఫౌంటెన్ కన్నా ఎక్కువ కాలం ఆ స్థలం మిగులుతుంది.